జరగని చక్రానికి జేజేలు

గేర్లు లేని సైకిలుకు గేర్ల సైకిలు ఫ్రేము తగిలించి అమ్మే మహానుభావులకు నెల్లూరులో ఓ పౌరసన్మానం చేయాల్సిందే. మా తోడల్లుడి కొడుక్కి ఓ షోరూములో అలాంటిదే అంటగట్టారు. వెనక ఇరుసు కూర్చునే గాడి, అదే డ్రాపౌట్, నిలువుగా ఉంది. చక్రం పైకి తోసి నట్టు బిగిస్తే అంతే, ముందుకూ రాదు, వెనక్కూ పోదు. "పర్ఫెక్ట్ అలైన్‌మెంట్ సార్" అన్నాడట సేల్సు కుర్రాడు. నిజమే, చక్రం వంక పెట్టనివ్వదు, చైనే ఊడిపోతోంది.

గేర్ల సైకిలుకు నిలువు గాడి సరిపోతుంది, వదులైన చైనుని డిరైలర్, అంటే గేర్లు మార్చే పరికరం, తన స్ప్రింగుతో లాక్కుంటుంది కాబట్టి. గేరే లేని బండికి ఆ పని ఎవరు చేస్తారు? మామూలు చైను తగ్గిస్తే అంగుళం తగ్గించాలి, హాఫ్ లింకు, అంటే సగం ముక్క, వేస్తే అర అంగుళం. మధ్య కొలత కావాలంటే చక్రం జరగాలి. పైగా పిన్నులు అరిగేకొద్దీ చైను సాగుతుంది, మైపాడు రోడ్డు ఇసుకలో తిరిగితే ఇంకా తొందరగా.

చైను ఊడిందని వెళ్తే స్ప్రింగు టెన్షనర్, అంటే వదులు చైనుని నొక్కిపట్టే స్ప్రింగు చెయ్యి, వేయించుకోమన్నారు, డబ్బులు వేరే. మళ్ళీ వెళ్తే ఎక్సెంట్రిక్ బాటం బ్రాకెట్ ఉన్న ఫ్రేము కొనమన్నారు. అంటే చక్రం బదులు పెడళ్ళ ఇరుసునే అటూ ఇటూ తిప్పి చైను బిగించడం. (డిస్కు బ్రేకులున్న బండికి అది మంచి ఉపాయమే, కొన్నాళ్ళకి కిర్రుకిర్రుమన్నా.) మూడోసారి వెళ్తే బహుశా పిల్లాణ్ణే సీటు మీద కాస్త వెనక్కి జరిగి కూర్చోమంటారు, చైను బిగుసుకోడానికి. నాలుగోసారికి బడిని దగ్గరికి జరపమని కలెక్టరుకి అర్జీ పెట్టమంటారు.

సంతపేటలో మెకానిక్కు ఆ బండిని బోర్లేసి చూసి పానా కింద పెట్టేశాడు. "ఇదేందన్నా, జరపడానికి గాడే లేదే!" పక్కనే చేపలమ్మే ఆయన నల్ల సైకిలు. దాని గాడి పొడుగ్గా అడ్డంగా ఉంది, రెండు వైపులా అడ్జస్టర్లు. దాని నట్లు వదులు చేశాడు, అడ్జస్టర్లు సమంగా తిప్పాడు, టైరు ఫ్రేము మధ్యన ఉందో లేదో వంగి చూశాడు, చైనుని బొటనవేలితో నొక్కితే అర అంగుళం ఆడింది, నట్లు గట్టిగా బిగించేశాడు. టీ వచ్చేలోపు పని అయిపోయింది.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. కానీ సీటు మీంచి లేచి బలంగా తొక్కుతున్నప్పుడు చైను ఊడితే ఏమవుతుందో అమ్మేవాడికి తెలియదా? కాలు గాల్లోకి పోతుంది, మనిషి హ్యాండిల్ మీద పడతాడు. వీడు పడింది పెన్న వంతెన మీద, వెనకాల లారీ. మోకాలి చిప్ప దగ్గర చర్మం లేదు. పన్నెండేళ్ళ పిల్లాడురా, సిగ్గుండాలి మీకు!

ఫ్రీవీల్ లేని ఫిక్స్‌డ్ బండికైతే, అంటే చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరిగేదానికైతే, ఆ స్ప్రింగు టెన్షనర్ జోలికే పోకండి. వెనక్కి తొక్కి ఆపబోతే కింది చైను బిగుసుకుని దాన్ని విరగ్గొడుతుంది.

కొనేముందు నట్లు వదులు చేయించి చక్రాన్ని కాస్త వెనక్కి జరిపి చూపించమనండి. గాడి ముందుకు తెరుచుకున్నా, వెనక్కి తెరుచుకున్నా, బోల్టులతో జారే డ్రాపౌట్ అయినా ఫరవాలేదు. "టెన్షనర్ ఉంది కదా సార్" అన్నాడా, లేచి వచ్చేయండి, ఏసీ ఎంత చల్లగా ఉన్నా సరే.