డీజిల్ ట్యాంకు అడుగున కాపురముంటున్న గంగమ్మ గారికి

గంగాభాగీరథీ సమానురాలైన గంగమ్మ గారికి ఒక పొక్లెయిన్ ఓనరు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మా బండి డీజిల్ ట్యాంకులో ఇంకా క్షేమంగా ఉన్నట్టు నిన్న పొద్దున తెలిసింది. (పాత ఉత్తరాల్లో ఈ సంబోధన ఎవరికి రాసేవారో నాకు తెలుసండి. మీరు నిజంగానే గంగ కాబట్టి తప్పు పట్టుకోరని ధైర్యం.)

మీ మీద గౌరవం లేక ఈ ఉత్తరం రాయడం లేదు. గోదావరి డెల్టాలో పుట్టి నీళ్లని తిట్టేవాడికి పుట్టగతులుంటాయా? 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసి మిమ్మల్ని మా పొలాల్లోకి పంపాడని కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్న జనం మేము. ఒక తెల్లదొర మెడలో మా వాళ్లు దండ వేశారంటే అది మీ మొహం చూసే. నేను తినే తిండి కూడా మీరు పెట్టిందే. వేసవిలో కాలువలు కట్టేస్తే పూడిక తీస్తాను, గుర్రపుడెక్క లాగుతాను. మిగతా రోజుల్లో రొయ్యల చెరువులు తవ్వి గట్లు వేస్తాను. అంటే ఏడాది పొడుగునా మీకు దారి చేయడమే నా పని. అంత చక్కగా దారి తవ్వి పెడితే, అందులోంచి పోకుండా వచ్చి నా డీజిల్ ట్యాంకులో పడుకోవడం ఏమిటండి?

మీరు ఎటునుంచి వస్తున్నారో కనిపెట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మొదట్లో బంకువాడు కలిపాడనే అనుకునేవాణ్ని. ఎవరికైనా ముందు తోచేది అదే, అలా అనుకుంటే మన తప్పు లేకుండా పోతుంది కదా. తీరా చూస్తే మిమ్మల్ని పిలిచి పీట వేసింది నేనే. మా బండి ట్యాంకు 300 లీటర్ల పైచిలుకు. సాయంత్రం పని ఆపేసరికి ముల్లు పావు దగ్గర ఉంటుంది. 'పొద్దున పోద్దాంలే' అంటాం. ఆ ముప్పావు ఖాళీలో ఉన్నది గాలి. అదీ మన డెల్టా గాలి, గుడ్డ ఆరేస్తే మర్నాటికి ఇంకాస్త తడిసే రకం. తెల్లవారుజామున ఇనుము చల్లబడేసరికి ట్యాంకు లోపలి గోడలకి చెమట పడుతుంది. ఆ చెమటే మీరు. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములుంటే మీరు నిండు కేజీ, అందుకని నేరుగా అడుక్కి దిగి కూర్చుంటారు. ఒక్క రాత్రికి వచ్చేది ఏమంత కాదు. కానీ మీరు వెళ్లరు కదా, వచ్చినవాళ్లంతా అక్కడే ఉంటారు. సాయంత్రమే ట్యాంకు నింపేస్తే మీకు చోటుండదు. ఆ మాట నా బండి పుస్తకంలో కూడా రాసుందట. ఆ పుస్తకం ఆరేళ్లుగా సీటు కింద భద్రంగా ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

రెండో దారి డ్రమ్ము. సైటులో 200 లీటర్ల డ్రమ్ముని నిలువుగా పెట్టి, మూత బిగించి, ఇంక ఏ భయమూ లేదని పడుకుంటాం. వాన పడగానే డ్రమ్ము నెత్తిన, అంచు లోపల, పళ్లెంలో పాయసంలా మీరు నిలుస్తారు. పగలు ఎండకి లోపలి గాలి ఉబ్బి మూత సందులోంచి కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక డ్రమ్ము మళ్లీ ఊపిరి లోపలికి పీలుస్తుంది. ఆ సమయానికి మూత చుట్టూ ఉన్నది మీరే కాబట్టి గాలికి బదులు మిమ్మల్నే పీలుస్తుంది. డ్రమ్ముని పడుకోబెట్టి, రెండు మూతలూ గడియారంలో 3, 9 అంకెలుండే చోటికి వచ్చేలా తిప్పితే, మూతల వెనక డీజిలే ఉంటుంది, మీకు సందు దొరకదు. ఇంత తెలిసీ మా డ్రమ్ము ఎందుకు నిలబడే ఉంటుందంటే, మా హెల్పర్ కుర్రాడు దాని మీద కూర్చుని ఫోన్ చూసుకోవాలండి, ఆయ్. డ్రమ్ములోంచి తోడేటప్పుడు గరాటుకి పాత లుంగీ గుడ్డ కడతాం. అది పురుగుల్ని ఆపుతుంది. మిమ్మల్ని ఆపదు.

ఒక్కరే వచ్చి మూల ఒదిగి ఉంటే సర్దుకుపోయేవాణ్ని. మీరు అద్దెకి కూడా దించుతున్నారు. మీకూ డీజిల్‌కీ మధ్య గీత దగ్గర ఒకరకం సూక్ష్మజీవులు చేరతాయి. మీలో బతికి, డీజిల్ తిని, గోధుమరంగు జిగురు కక్కుతాయి. లీటరు ఇంత అని నేను కొని పోస్తుంటే, మీ అద్దెకున్నవాళ్లు ఉచితంగా భోంచేస్తున్నారు.

మొన్న వేసవి సంగతి మీకు తెలియంది కాదు, అయినా చెబుతాను. పంటకాలువ పూడిక పని. నీళ్లు వదిలే రోజు దగ్గరపడుతోంది. బండి పొద్దున సుబ్బరంగా స్టార్ట్ అయ్యేది, రెండు గంటలు బాగానే తవ్వేది. ఆ తర్వాత బూమ్ (బండి పెద్ద చెయ్యి) ఎత్తుతూ బకెట్ మడిస్తే చాలు, ఇంజన్ గొంతు పడిపోయి, గుడగుడలాడి ఆగిపోయేది. అరగంట ఆగి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచేది. డీజిల్ పైపులో ఎయిర్ పట్టింది అన్నాడు ఆపరేటర్. పంపు పోయింది అన్నాడు పక్క బండివాడు. దిష్టి తగిలింది అంది మా అమ్మ. టౌను నుంచి లాప్‌టాప్ పట్టుకుని ఒక మెకానిక్ వచ్చాడు. వైరు గుచ్చి, స్క్రీను చూసి, ఇంజన్ లోపలికి డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్చాలన్నాడు. మా ఆవిడ గొలుసు బ్యాంకుకి వెళ్లింది, కొత్త నాజిళ్లు బండికి వచ్చాయి. మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు మళ్లీ గుడగుడ.

అప్పుడు లాకుల దగ్గరుండే ముసలి మెకానిక్‌ని తీసుకొచ్చాను. ఒకప్పుడు లాంచీ ఇంజన్లు చేసిన మనిషి. బండి చుట్టూ తిరగలేదు, పొగ రంగు అడగలేదు. "ఖాళీ వాటర్ బాటిల్ ఉందా అబ్బాయ్?" అన్నాడు. డీజిల్లోంచి నీళ్లని విడదీసే వాటర్ సెపరేటర్ కింద చిన్న కాక్ తిప్పి, బాటిల్ సగం పట్టి, గట్టు మీద నిలబెట్టాడు. బీడీ ముట్టించబోయి, డీజిల్ చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పది నిమిషాలయ్యాక చూస్తే, బాటిల్‌లో కింద మీరు. పైన డీజిల్. మధ్యలో మీ అద్దెవాళ్ల జిగురు, అట్టు మీద నెయ్యిలా తేలుతూ.

"అబ్బాయ్, నువ్వు బండికి డీజిల్ పోస్తున్నావా, రొయ్యలకి నీళ్లు పెడుతున్నావా?"

"అదేంటి బాబాయ్, లాప్‌టాప్‌లో చూశారు కదా..."

"దాంట్లో బాటిల్ పెట్టే చోటు ఉండదు నాయనా."

తర్వాత ఆయన చెప్పింది విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ట్యాంకు లోపల డీజిల్ లాగే సక్షన్ పైపు మూతికి జాలీ ఉంటుంది. ఇంజన్ లాగే కొద్దీ జిగురు వెళ్లి ఆ జాలీకి అతుక్కుంటుంది. డీజిల్ చాలక ఇంజన్ ఆగుతుంది. లాగుడు ఆగగానే జిగురు జారి కింద పడిపోతుంది, దారి తెరుచుకుంటుంది. అందుకే అరగంట విశ్రాంతికే బండికి ఆరోగ్యం వచ్చేది. దిష్టికి మా అమ్మ తిప్పిన నిమ్మకాయ కూడా సరిగ్గా ఆ అరగంటలోనే పనిచేసింది.

ట్యాంకు అడుగు ప్లగ్ తీసి బురద దించాం. కడిగాం. ఫిల్టర్లు మార్చాం. అక్కడ కూడా మా హెల్పర్ భక్తి చూపించాడు. కొత్త ఫిల్టర్‌లో ముందే డీజిల్ పోసి బిగిస్తే ఎయిర్ పట్టదని క్యాన్ ఎత్తాడు. బాబాయ్ చెయ్యి పట్టుకున్నాడు. అలా పోసిన డీజిల్ వడకట్టకుండానే లోపలికి పోతుంది. ఆఖరి ఫిల్టర్‌ని ఖాళీగానే బిగించి, చేతి పంపు గట్టిపడేదాకా కొట్టి ఎయిర్ తియ్యాలి. ఆపరేటర్ ఇంకో అడుగు ముందుకేసి, పాత బండ్ల అలవాటు కొద్దీ ఇంజన్ తిప్పుతూ నాజిల్ పైపు నట్టు వదులు చెయ్యబోయాడు. భారీ ప్రెషర్‌తో డీజిల్ చిమ్మే కొత్తరకం కామన్ రైల్ ఇంజన్‌లో ఆ పైపు లోపల 1,600 బార్లు దాటిన ప్రెషర్ ఉండొచ్చు. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్ల చుట్టుపక్కలే. ఆ సన్నటి ధార చర్మంలో సూదిలా దిగిపోతుంది, తర్వాత చెయ్యి దక్కించుకోవడం ఆపరేషన్ థియేటర్ పని. నాకు గుర్తున్నంతలో బాబాయ్ అరిచింది ఆ ఒక్కసారే.

నాజిళ్ల దగ్గర మీరు చేసే పని ఇంకా ఘోరం. లోపల ఆడే భాగాల మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా అందులో దూరడం కష్టం. అక్కడ ఆయిల్ ఉండదు, డీజిలే జిడ్డు. మీకు జిడ్డు లేదు కదా, ఇనుముకి ఇనుము రాసుకుంటుంది. ఆపైన మంట దగ్గరికి వెళ్లేసరికి మీరు ఒక్కసారి ఆవిరైపోయి నాజిల్ మూతినే పగలగొట్టగలరు. ఇడ్లీకి పనికొచ్చే ఆవిరిని అక్కడ వాడాలా?

చెరువుల దగ్గర మీ సంగతి విన్నాక నా కష్టం చిన్నదనిపించింది. రొయ్యల చెరువుకి జనరేటర్ ఉంటుంది. కరెంటు ఉన్నన్నాళ్లూ అది సగం ట్యాంకుతో నెలల తరబడి నిద్రపోతుంది, మీరు లోపల చేరతారు. ఒక రాత్రి కరెంటు పోతుంది. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి. జనరేటర్ తిప్పితే రెండు దగ్గులు దగ్గి ఊరుకుంటుంది. తెల్లారేలోగా ఆక్సిజన్ అందక రొయ్యలన్నీ పైకొచ్చి ప్రాణాలు వదులుతాయి. ఎకరాల కొద్దీ నీళ్లలో బతికే ప్రాణిని చంపడానికి ట్యాంకులో గ్లాసుడు నీళ్లు చాలాయి చూశారా.

మీ తరఫున కూడా ఒక మాట ఒప్పుకోవాలి. మీరు చెప్పకుండా రాలేదు. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగించి మరీ వచ్చారు. ఆ దీపం రాత్రిపూట కళ్లలో పడుతోందని మా ఆపరేటర్ దాని మీద నల్ల టేపు అంటించాడు. దసరాకి బండి కడిగి, గుమ్మడికాయ కొట్టి, సెపరేటర్ కాక్‌కి కూడా కుంకుమ బొట్టు పెట్టాం. ఆ ఏడాది మొత్తంలో దానికి మనిషి చెయ్యి తగిలింది ఆ రోజే. నిజానికి రోజూ పొద్దున, ఇంజన్ తిప్పకముందు, పావుగ్లాసు దించితే చాలు. రాత్రంతా కదలకుండా ఉన్నందుకు మీరు అడుక్కి చేరి రెడీగా ఉంటారు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకుని నేను మొన్న వేసవిలో పదకొండు రోజులు గట్టు మీద కూర్చున్నాను.

బాబాయ్ పట్టిన బాటిల్ ఇప్పటికీ క్యాబిన్‌లో ఉంది. ఎండకి డీజిల్ రంగు మారింది, జిగురు పెరిగింది. మొన్న కొత్త హెల్పర్ దాన్ని కూల్‌డ్రింక్ అనుకుని మూత తియ్యబోయాడు. ఇప్పుడు దాని మీద ఎర్ర పెయింటుతో 'గంగమ్మ' అని రాయించాను. ఎవరూ ముట్టుకోవడం లేదు, ఒకరిద్దరు దండం పెడుతున్నారు.

ఇంకా చాలా రాయాలని ఉందండి. కానీ రేకుల మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి, డ్రమ్ము బయట నిలబడే ఉంది, దాని మీద కూర్చున్నవాడు ఫోన్ తడవకూడదని లోపలికి పరిగెత్తుకొచ్చాడు. డ్రమ్ము పడుకోబెట్టి వచ్చి మిగతాది రాస్తాను.

ఇట్లు,
మీకు దారి తవ్వేవాడు