ఒక్క మొక్క ఉంటే జాతి దక్కినట్టేనా?

దక్షిణాఫ్రికాలోని న్గోయే అడవిలో 1895లో వృక్షశాస్త్రవేత్త జాన్ మెడ్లీ వుడ్ కంటబడిన సైకాడ్ (పూలు పూయకుండానే విత్తనాలు కట్టే ఒక మొక్కల తెగ) గుబురు మగది. దానికి జోడీ కాగల ఆడ మొక్క నేటికీ దొరకలేదు. లండన్‌లోని క్యూ గార్డెన్స్‌తో సహా ఎక్కడ ఈ జాతి, అంటే ఎన్‌సెఫలార్టస్ వుడీ, కనిపించినా అది ఆ గుబురు నుంచి తీసిన పిలకల సంతతే. వందేళ్లకు పైగా ఎంత శ్రద్ధగా పెంచినా ఆ జాతి తన సొంత విత్తనం ఒక్కటీ కట్టలేకపోయింది. అడవిలో అది ఇప్పుడు లేదు.

అయినా లెక్కల్లో అది గార్డెన్ల సంరక్షణలో ఉన్న జాతే. ముప్పులో ఉన్న జాతుల్లో కనీసం 75 శాతాన్ని 2020 నాటికి అడవి వెలుపలి సేకరణల్లో పెంచాలని ప్రపంచ మొక్కల సంరక్షణ వ్యూహం లక్ష్యం పెట్టుకుంది. వాటిలో 41 శాతం బొటానికల్ గార్డెన్లలో ఉన్నాయని 2017 నాటి అధ్యయనం ఒకటి తేల్చింది. ఒక్కో జాతికి ఎన్ని తల్లి మొక్కల సంతతి ఉందో మాత్రం ఈ శాతాలు చెప్పవు. నా అభ్యంతరం ఇక్కడే.

మన శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీ అనే సైకాడ్‌నే తీసుకుందాం. ఈత మట్టలను తలపించే ఆకులున్న ఈ మొక్క తూర్పు కనుమలకే పరిమితం. మందుల కోసం దీని మగ శంకువులను (పుప్పొడినిచ్చే శంకు ఆకారపు భాగాలను) కోసుకుపోతున్నారు, కార్చిచ్చులు సరేసరి. అంతర్జాతీయ వ్యాపారాన్ని అత్యంత కఠినంగా నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో దీన్ని చేర్చారు. ధాన్యపు గింజల్లా ఎండబెట్టి మైనస్ 20 డిగ్రీల చలిలో ఏళ్ల తరబడి దాచుదామంటే సైకాడ్ విత్తనాలు తట్టుకోలేవు కనుక, మొక్కలను ప్రాణంతో పెంచుకోవడం తప్ప దారి లేదు. పైగా మగ, ఆడ వేర్వేరు మొక్కలు. ఏది ఏదో శంకువు వేసేదాకా, అంటే కొన్నేళ్లదాకా, కంటికి తెలియదు. రెండు మూడు మొక్కలు తెచ్చి నాటి బోర్డు పెట్టడమంటే జాతి భవిష్యత్తుతో జూదమాడడమే.

విత్తనాలు కట్టినా చిక్కు తీరదు. అదే గార్డెన్‌లో అందం కోసం నాటిన వేరే సైకస్ మగ మొక్క పుప్పొడి సోకితే పుట్టేవి సంకర మొక్కలు కావచ్చు. వాటిని తిరిగి కొండమీద నాటితే మేలుకన్నా కీడే ఎక్కువ. ఆడ మొక్కను వేరుగా ఉంచి, అదే జాతి మగ మొక్క పుప్పొడిని చేత్తో అద్ది, ఆ తేదీని, ఆ రెండు మొక్కల నంబర్లను రిజిస్టరులో రాయాలి. ఏ కొండ, ఏ వాలు, ఏ తల్లి మొక్క, ఏ రోజు సేకరణ అన్న వివరాలు లేని మొక్క చూడడానికి ఎంత ఏపుగా ఉన్నా అడవిని తిరిగి నింపే పనికి రాదు. బోర్డుకయ్యే ఖర్చు సులభంగా మంజూరవుతుంది. ఈ రిజిస్టరు రాసే మనిషి జీతం దగ్గరే చేతులు బిగుసుకుంటాయి.

అన్నీ ఒకేచోట ఉంచడమూ ప్రమాదమే. 2020 మే నెలలో అంఫాన్ తుఫాను హౌరాలోని బొటానిక్ గార్డెన్‌లో ఎన్నో వృక్షాలను కూల్చింది, అక్కడి మహా మర్రిని కూడా గాయపరిచింది. శేషాచలం సైకాడ్లను వేర్వేరు తల్లుల నుంచి సేకరించి, వేర్వేరు వాతావరణాలున్న కనీసం మూడు నాలుగు గార్డెన్లకు పంచాలి. ప్రతి గార్డెనూ తన వార్షిక నివేదికలో జాతుల సంఖ్య పక్కనే తల్లి మొక్కల సంఖ్యనూ, మగ, ఆడ లెక్కనూ ముద్రించాలి.