ఊపిరాడని కుంపటి

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతను పెల్లెట్ గ్రిల్ అబద్ధం చేయదు గానీ బాగా వెక్కిరిస్తుంది. రంపంపొట్టు నొక్కి చేసిన కర్ర గుళికలు, అంటే పెల్లెట్లు, కాల్చి మాంసం వండే కరెంటు పొయ్యి ఇది. లోపల నిప్పు ఉంటుంది, మంటే ఉండదు. మంట లేని నిప్పు పూటంతా పొగ కక్కుతూనే ఉంటుంది. మాంసం మాత్రం పెట్టిన చోట హాయిగా చల్లబడుతూ ఉంటుంది.

ఎప్పుడూ జరిగేదే. సెలవు రోజు, ఇంటికి నలుగురు వచ్చే రోజు. యజమాని పొద్దున్నే గ్రిల్‌ను 110 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి, మాంసం లోపల సర్ది, ఇక తనకు పనేమీ లేదని కుర్చీ వేసుకుంటాడు. మొదటి గంట అంకె బుద్ధిగా కూర్చుంటుంది. తర్వాత 98. "గాలి విసురుగా ఉంది" అంటాడు. 84. "పెల్లెట్లు నాసిరకం." 71. "వేడి చూసుకునే ఈ కంట్రోలర్‌కు తిక్క." లోకంలో ఉన్న కారణాలన్నీ అయిపోతాయి, ఒక్క బూడిద తప్ప. దాన్ని అక్కడ పోగేసింది తనే కాబట్టి అది తట్టదు.

కంట్రోలర్‌ను మాత్రం పూర్తిగా వెనకేసుకు రాలేం. దానికి తెలిసిన వైద్యం ఒక్కటే: వేడి తగ్గితే పెల్లెట్లు వెయ్యి. పెల్లెట్లు పోసే హాపర్ పెట్టె అడుగున ఆగర్ అనే మరచుట్ల కడ్డీ మెల్లగా తిరుగుతూ పెల్లెట్లను ఫైర్‌పాట్‌లోకి తోస్తుంది. ఫైర్‌పాట్ అంటే గ్లాసు కంటే కాస్త పెద్దదైన ఇనుప గిన్నె, ఒళ్ళంతా చిన్న చిన్న రంధ్రాలు. ఫ్యాన్ తోసే గాలి మంటకు అందేది ఆ రంధ్రాల గుండానే. కుంపటికి ఊదుగొట్టం ఎంతో దీనికి ఈ ఫ్యాన్ అంత. రంధ్రాలు సగం బూడిదతో పూడిపోతే మంట మందగిస్తుంది, వేడి పడిపోతుంది, కంట్రోలర్ కంగారుపడి ఇంకో పిడికెడు పెల్లెట్లు తోయిస్తుంది. అవి వెళ్ళి మిగిలిన రంధ్రాల మీద కూర్చుంటాయి. పొలమారిన వాడి నోట్లో ముద్ద మీద ముద్ద కుక్కడం లాంటి ఉపచారం ఇది.

చివరికి మంట ఆరిపోతుంది. ఇక్కడే యజమాని తన ప్రతిభ చూపిస్తాడు: స్విచ్ ఆపి మళ్ళీ వేస్తాడు. టీవీకి పనికొచ్చిన వైద్యం గ్రిల్‌కు పనికిరాదు. ఫైర్‌పాట్ అంచుదాకా పెల్లెట్లు. ఇగ్నైటర్ కడ్డీ ఎర్రబడి, అడుగున ఉన్నవాటిని రాజేస్తుంది. పసుపు కలిసిన తెల్లటి పొగ చిమ్నీలోంచి, మూత సందుల్లోంచి ఎగదన్నుతుంది. ఆ పొగ మండే వాయువు. తగినంత గాలి తగిలిన క్షణంలో 'ఢబ్' మని అంటుకుని మూతను ఎగరేస్తుంది. ఏమైందో చూద్దామని ఆ సమయంలో మూత తెరిచినవాడు కనుబొమ్మలు లోపలే వదిలేసి వస్తాడు. పొగ అలా వస్తుంటే మూత ముట్టుకోకుండా స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, దూరంగా నిలబడాలి. పూర్తిగా చల్లారాక ఫైర్‌పాట్ ఖాళీ చేసి అప్పుడు మళ్ళీ వెలిగించాలి. మంట ఆరిన ప్రతిసారీ ఇంతే, అడ్డదారి లేదు.

బూడిద అంత త్వరగా ఎలా చేరిందని అడుగుతారు. మంచి గట్టి కర్ర పెల్లెట్లలో బూడిద నూటికి ఒక పాలు కూడా ఉండదు. అంటే 9 కిలోల సంచీకి 90 గ్రాముల లోపే. వింటే నవ్వొస్తుంది. కానీ అది పిండి కంటే తేలిక, చూడ్డానికి బోలెడంత అవుతుంది, గిన్నేమో గ్లాసెడు. సంచీ, మహా అయితే రెండు సంచీలు కాలేసరికి శుభ్రం చేయక తప్పదు. రాత్రంతా సన్నమంట మీద పెట్టే వంట ఉంటే దానికి ముందు తప్పనిసరి.

శుభ్రం చేయడంలో అసలు వినోదం వరసలో ఉంది. అత్యుత్సాహం ఉన్నవాడు ముందుగా బూడిదంతా పీల్చేసి, ఫైర్‌పాట్ అద్దంలా మెరిపించి, ఆ తర్వాత మూత లోపలి మసి, చిమ్నీలోని జిగట పెచ్చులు గీకడం మొదలుపెడతాడు. ఇల్లు ఊడ్చి ఆనక బూజు దులిపినట్టు. గీకిన పెచ్చులన్నీ తిన్నగా ఫైర్‌పాట్‌లోకే దిగుతాయి. పని పై నుంచి కిందికి రావాలి: చిమ్నీ, మూత, గోడలు, చివరన అడుగు. చిమ్నీ టోపీకి, గొట్టానికి మధ్య సందు జిడ్డుతో మూసుకుపోకుండా చూడాలి. పొగకు బయటికి దారి లేకపోతే గాలి లోపలికీ రాదు. చిమ్నీ బదులు వెనక చీలికలున్న గ్రిల్‌కూ ఇదే వర్తిస్తుంది.

అంతకంటే ముందు గ్రిల్ చల్లారాలి. చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉందంటారు. బూడిద అడుగున నిప్పు కణిక గంటల తరబడి బతికే ఉంటుంది. దాన్ని మామూలు వాక్యూమ్‌తో పీలిస్తే, ఫ్యాన్ గాలికి లోపలి సంచిలో కణిక కళ్ళు తెరుస్తుంది. మర్నాటి దాకా ఆగి, ప్లగ్ తీసి, బూడిద కోసమే చేసిన వాక్యూమ్‌తో పీల్చి, మూతున్న ఇనుప డబ్బాలో పోయాలి. వాక్యూమ్ ఎందుకులే అని వంగి ఫైర్‌పాట్‌లోకి 'ఉఫ్' అని ఊదినవాడికి ముఖమంతా విభూతి దక్కుతుంది, రంధ్రాల్లోది మాత్రం కదలదు. నీళ్ళు పోసి కడిగే శుచిమంతులు మరో రకం. తడిసిన బూడిద ముద్దై గట్టిపడుతుంది, తడి తగిలిన పెల్లెట్లు ఉబ్బి రంపంపొట్టుగా మారి ఆగర్‌ను బిగించేస్తాయి.

ఒక్కో రంధ్రంలో సన్నటి కమ్మీ దూర్చి తిప్పితే చాలు. డ్రిల్ తెచ్చి రంధ్రాలు పెద్దవి చేసే మేధావులకు దండం. వాటి కొలత ఆ ఫ్యాన్ వేగానికి సరిపెట్టింది. పక్కనే ఇగ్నైటర్ కొన తొంగిచూస్తుంటుంది, దాన్ని పొడవకూడదు. ఆ తర్వాత హాపర్ కిందికి వంగి ఫ్యాన్ గాలి పీల్చే చోటు చూడాలి. సాలెగూళ్ళు, ఎండుటాకులు, రెక్కల మీద జిడ్డు పట్టిన దుమ్ము అక్కడ కాపురముంటాయి. పొడి బ్రష్ చాలు, రెక్క వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి.

అల్యూమినియం ఫాయిల్ భక్తుల గురించి ఒక మాట. మాంసం నుంచి కారే జిడ్డు పట్టే పళ్ళేనికి ఫాయిల్ తొడగడం తప్పు కాదు. పళ్ళెం అంచులు దాటించి గోడదాకా పరిచేయడమే తప్పు. వేడిగాలి పైకెక్కేది ఆ అంచుల పక్క సందుల్లోంచే. వాటిని మూసేస్తే ఒక మూల మాడుతుంది, ఇంకో మూల పచ్చిగా మిగులుతుంది.

ఇవన్నీ చేశాక మన యజమాని గ్రిల్ వెలిగిస్తాడు. మంట బంగారు రంగులో చురుగ్గా సుడి తిరుగుతుంది. ఇది శుభలక్షణం, నారింజ రంగులో బద్ధకంగా ఊగుతూ మసి కక్కితే మళ్ళీ గాలి చాలనట్టే. పొగ పలచగా, నీలంగా మారుతుంది. అంకె 110 మీద నిలుస్తుంది. చేతులు దులుపుకుని, ఛాతీ విరుచుకుని వెనక్కి తిరిగితే గోడకు ఆనించిన ఇనుప పలక ఒకటి కనిపిస్తుంది. ఇదెక్కడిదబ్బా అని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఫైర్‌పాట్ మీద కప్పాల్సిన వేడి మళ్ళించే పలక. అది లేకపోతే మంట నేరుగా జిడ్డు పళ్ళేన్ని నాకుతుంది. ప్లగ్ పీకేద్దామనుకుంటాడు గానీ, ఫైర్‌పాట్‌లో మిగిలిన నిప్పు ఆగర్‌లోకి వెనక్కి పాకుతుందని గుర్తొచ్చి షట్‌డౌన్ బొత్తాం నొక్కుతాడు. మిగిలిన పెల్లెట్లు కాలేదాకా ఫ్యాన్ తీరిగ్గా తిరుగుతూ ఉంటుంది. పలక ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ అదే కుర్చీలో, చల్లారేదాకా.