బ్రోయర్ సీసా తెరిస్తే వినిపించే చరిత్ర

బెర్న్‌హార్డ్ బ్రోయర్ 2004 మే నెలలో ఉన్నట్టుండి చనిపోయారు. అరవై కూడా నిండలేదు. జర్మనీలో రైన్ నది ఒడ్డున, ర్యూడెస్‌హైమ్ అనే ఊళ్లో, 1880 నుంచీ ఉన్న జార్జ్ బ్రోయర్ వైన్ సంస్థను నడిపిన మనిషి. జర్మన్ వైన్ సంగతులు గమనించేవాళ్లకు ఆయన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ఇరవై ఏళ్లు దాటింది. ఆయన నింపిన సీసా తెరిస్తే ఆయన ప్రస్తావన రాకుండా ఉండదు. ఆ సీసా చుట్టూ స్నేహితులు చెప్పుకునే కబుర్లే ఆయన అసలు చరిత్ర అని నేను నమ్ముతాను. సంఘాల రికార్డులు, విమర్శకులు వేసిన మార్కులు ఆ తర్వాతే.

ఎందుకంటున్నానో చెప్పాలంటే ఆయన పడిన గొడవ దగ్గరికి వెళ్లాలి. 1971 నాటి జర్మన్ వైన్ చట్టం కథ పాతదే. ద్రాక్షరసంలో చక్కెర ఎంత ఉందన్నదాన్ని బట్టి వైన్‌కి హోదా ఇచ్చింది, ఏ నేలలో పండిందన్నది పక్కన పెట్టేసింది. చిన్న చిన్న తోటల పేర్లు వేల సంఖ్యలో చెరిగిపోయాయి. బ్రోయర్ దీనికి ఎదురు నిలిచారు. ముందు నేల, తర్వాతే చక్కెర అన్నారు. రీస్లింగ్ ద్రాక్షతో తీపి లేని వైన్ చేసి భోజనంతో పాటు తాగించాలన్నారు. ఇలాంటి రీస్లింగ్ కోసమే, ర్యూడెస్‌హైమ్ ఉన్న రైన్‌గౌ ప్రాంతంలో వైన్ తయారీదారులు 1984లో పెట్టుకున్న కార్టా సంఘానికి ప్రాణం పోసినవాళ్లలో ఆయన ఒకరు.

ఆయన అడిగింది చివరికి జరిగింది. 1990ల చివర్లో రైన్‌గౌలో గొప్ప తోటలకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. తీరా చూస్తే మొత్తం తోటల్లో దాదాపు మూడో వంతు గొప్పవేనని తేల్చారు. బ్రోయర్ ఇది ఒప్పుకోలేదు. అంత నేల గొప్పదైతే ఇక గొప్ప అన్న మాటకు అర్థమేముంది? పేరున్న వైన్ సంస్థల సంఘమైన వీడీపీ నుంచి బయటికి వచ్చేశారు.

రికార్డులో ఇది ఒక్క వాక్యం: ఫలానా సభ్యుడు వైదొలిగారు. దాన్ని చదివిన కొత్తవాడికి ఆయన మొండివాడు, గొడవలమారి అనిపిస్తుంది. సీసా వేరే మాట చెబుతుంది. గొప్పకీ మామూలుకీ మధ్య గీతను బ్రోయర్ ముందు తన తోటలకే గీసుకున్నారు. తోట పేరు కొద్ది సీసాల మీదే వేశారు: ర్యూడెస్‌హైమ్ కొండ మీది ష్లాస్‌బెర్గ్, రోట్‌లాండ్, రోజెనెక్, ఇంకా రాయెన్‌తాల్ ఊళ్లో పూర్తిగా తన చేతిలో ఉన్న నొన్నెన్‌బెర్గ్. అదే ర్యూడెస్‌హైమ్ కొండ మీద పండినా తన కొలతకు అందని వైన్‌ని టెర్రా మోంటోసా అనే మామూలు పేరుతో, తక్కువ ధరకు అమ్మారు. పెద్ద పేరు వేసుకునే హక్కు చట్టప్రకారం ఉంది. వేసుకుంటే డబ్బులొస్తాయి. అయినా వేసుకోలేదు. ఇది మొండితనమైతే, ఇలాంటి మొండివాళ్లు ప్రతి ఊరికీ నలుగురు కావాలి.

నన్ను నిజంగా కదిలించేది ఆ తర్వాతి సంగతి. మనిషి పోయాక అతని గురించి చెప్పే మాట నిజమో కాదో తేల్చుకోవడానికి మామూలుగా దారి ఉండదు. గాయకుడి గొంతు రికార్డులో ఉంటుంది కానీ వంటవాడి చేతి రుచి అతనితోనే పోతుంది. మంచి రీస్లింగ్‌కి మాత్రం గట్టి పులుపు ఉంటుంది, ఆ పులుపే దాన్ని సీసాలో ఇరవై, ముప్పై ఏళ్లు నిలబెడుతుంది. బ్రోయర్ 1990లలో నింపిన సీసా ఇప్పుడు తెరిచినా అందులో ఆయన తీసుకున్న నిర్ణయాలన్నీ ఉంటాయి. ఎప్పుడు కోశారు, ఎంత తీపి మిగిల్చారు, ఏది పక్కకు తీశారు. స్నేహితుడు ఒక కథ చెబుతాడు, పక్కనే గ్లాసు ఉంటుంది. కథలో అతిశయోక్తి ఉంటే ఆ గ్లాసు ఊరుకోదు. నాలుక మీద పెట్టి సరిచూసుకోగల జ్ఞాపకం ఇంకే రంగంలో ఉంది?

పైగా ఆయన స్నేహితులు దూరం నుంచి చూసి మెచ్చుకున్నవాళ్లు కారు. ఫాల్జ్ ప్రాంతపు బెర్న్ట్ ఫిలిప్పి, ఆర్ లోయలో రెడ్ వైన్‌కి పేరు తెచ్చిన వెర్నర్ నేకెల్, బ్రోయర్ కలిసి పోర్చుగల్ వెళ్లి దోరో లోయలో వైన్ చేశారు. చల్లని జర్మనీలో స్థిరపడిన ముగ్గురు, ఎండ మండే పరాయి కొండల మీద, అలవాటు లేని ద్రాక్షతో మొదలుపెట్టారు. సొంత దేశంలో పోటీదారులు కావలసినవాళ్లు కలిసి చేతులు మురికి చేసుకున్నారు. అలా పక్కన నిలబడి పనిచేసినవాడు చెప్పే మాటకూ పత్రికలో వచ్చే సంతాపానికీ పోలిక లేదు.

స్నేహితులు తమవాడి తప్పులు దాచి మంచే చెబుతారు కదా, దాన్ని చరిత్ర అంటారా అని కొందరు అడుగుతారు. కొంత నిజమే. అయితే సంఘాల రికార్డు కూడా ఎవరో ఒకరు తమవైపు నుంచి రాసిందే. అందులో ప్రేమ ఉండదు, అంతే తేడా. ప్రేమ లేనంత మాత్రాన అది నిజమైపోదు.

ఇక్కడ మన సంగతి చెప్పకుండా ఉండలేను. తెలుగులో సంతాపం అచ్చు పోసినట్టు తయారైంది. ‘తీరని లోటు’, ‘ప్రగాఢ సానుభూతి’, ‘ఆత్మకు శాంతి చేకూరాలి’. పేరు మార్చి ఎవరికైనా వాడుకోవచ్చు. నాయకుడు పోతే అరపేజీ, నటుడు పోతే ప్రత్యేక సంచిక. మగ్గం మీద నలభై ఏళ్లు కూర్చున్న నేతగాడు పోతే ఆ నాలుగు అచ్చు మాటలూ దక్కవు. పోచంపల్లి చీరకు ఊరి పేరు ఉంది, భౌగోళిక గుర్తింపు ఉంది. రంగుల లెక్క తలలో పెట్టుకున్న మనిషి ఎలా పనిచేసేవాడు, ఏ చీరను బాగా రాలేదని పక్కన పడేశాడు, ఎవరితో పోట్లాడాడు అన్నది అతని పక్క మగ్గంవాడికే తెలుసు. వెళ్లి అడిగేవాళ్లు లేరు. ఆ పక్క మగ్గంవాడికీ వయసైపోతోంది. నా కోపమంతా ఇక్కడే. నైపుణ్యం ఉన్న మనిషిని ఎలా తలుచుకోవాలో మనకు తెలియక కాదు. పదకొండో రోజు భోజనాల దగ్గర కూర్చుని మనవాళ్లు చెప్పుకునేవి ఇలాంటి కబుర్లే. వాటిని రాసి పెట్టుకోవాలన్న పట్టింపు లేదు.

బ్రోయర్ విషయంలో కబుర్లతో పాటు పని కూడా మిగిలింది. ఆయన చనిపోయేనాటికి తీగలు చిగుళ్లు వేసి ఎదుగుతున్నాయి. శరదృతువులో పంట కోయక తప్పదు. కూతురు టెరేసాకి అప్పటికి ఇరవై ఏళ్లు. బాబాయి హైన్‌రిష్, తండ్రి దగ్గర పనిచేసిన హెర్మన్ ష్మోరాంజ్ ఆమెకు తోడు నిలిచారు. 2003 యూరప్‌ను ఎండ మాడ్చేసిన ఏడాది, తండ్రి చివరి పంట అదే. 2004 కూతురి మొదటి పంట. ఆ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని, ఆ ఏడాది ఆ నేలమాళిగలో పనిచేసినవాళ్లను మాట్లాడమని అడగాలి, వాళ్లు ఉండగానే.