బొరొదినో మ్యాపుని బైండింగు మింగేసింది

ఇప్పుడే ప్యాకెట్ విప్పాను. 1812లో నెపోలియన్ రష్యా మీద చేసిన దండయాత్ర గురించి కొత్త పుస్తకం. గట్టి అట్ట, బంగారు అక్షరాలు, ఇటుకంత బరువు. మాస్కోకి వెళ్ళే దారిలో జరిగిన బొరొదినో యుద్ధం మ్యాపుని రెండు పేజీలకు పరిచారు. ఫ్రెంచివాళ్ళు పడమర నుంచి వచ్చారు కాబట్టి ఎడమ పేజీ. రష్యన్లు తూర్పున ఉన్నారు కాబట్టి కుడి పేజీ. మరి ఇద్దరూ కొట్టుకున్నది ఎక్కడ? సరిగ్గా మడతలో! రయేవ్‌స్కీ ఫిరంగి దిబ్బ, బగ్రతియోన్ మట్టి బురుజులు, సెమ్యోనొవ్‌స్కాయా ఊరు, అన్నీ కుట్టులోకి పోయాయి. ఒక్కోటీ లక్ష దాటిన రెండు సైన్యాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నరుక్కున్నది ఆ అంగుళం జాగాలోనే మహాప్రభో. మ్యాపు గీసినాయన పుస్తకంలో ఒక్క పేరా అయినా చదివుంటే ఇలా చేసేవాడా?

ఇక స్కేలు. అసలు వెయ్యనే లేదు. 600 మంది ఉన్న ఫ్రెంచి బెటాలియన్ మూడు వరసల్లో నిలబడితే అడ్డంగా 200 మంది. మనిషికి అర మీటరు పైచిలుకు వేసుకున్నా మొత్తం 110 మీటర్లు. వీళ్ళు గీసిన బాణం మందమే కిలోమీటరుకి తగ్గదు. ఆ బాణం కింద ఎన్ని బెటాలియన్లున్నాయో, గుట్ట ఎక్కాయో వాగు దాటాయో ఎవడు చెప్పాలి?

దక్షిణం వైపు నుంచి చుట్టివెళ్ళి కొడదామని నెపోలియన్ సేనాని దవూ అడిగాడు. నెపోలియన్ కాదని, ఆ వైపు పాత స్మొలెన్‌స్క్ రోడ్డు మీదికి పొనియటోవ్‌స్కీ అనే సేనాని దండుని మాత్రం పంపాడు. అది తప్పా ఒప్పా అన్నది రెండు వందల ఏళ్ళుగా తెగని వాదన. తెగాలంటే ఆ వైపున్న ఉతిత్సా అడవి ఎంత దట్టమో, చుట్టుదారి ఎన్ని మైళ్ళో కళ్ళకి కనపడాలి. పుస్తకంలో పేజీపేజీకీ ఉతిత్సా పేరు ఉంది, మ్యాపులో మాత్రం లేదు. నెపోలియన్ టోపీల, గుర్రాల రంగుల బొమ్మలు మాత్రం ఆర్టు పేపరు మీద ధగధగా మెరుస్తున్నాయి.

బొరొదినో యుద్ధం తేదీ ఒకచోట ఆగస్టు 26, ఇంకోచోట సెప్టెంబరు 7. రెండూ ఒకే రోజని చెప్పడానికి నోరు రాలేదు. 19వ శతాబ్దంలో రష్యా పాత క్యాలెండరు మిగతా యూరప్‌ది కంటే 12 రోజులు వెనక, 18వ శతాబ్దంలో 11. (రష్యా, స్వీడన్ కొట్టుకున్న 1709 పోల్టావా యుద్ధం ఈ రచయిత చేతిలో పడితే ఇంకేమన్నా ఉందా! స్వీడన్‌వాళ్ళది అప్పట్లో మూడో లెక్క. జూన్ 27, జూన్ 28, జూలై 8 మూడూ ఒకే రోజు.)

తర్వాతి అధ్యాయంలో ఫ్రెంచి పదాతి దళం మొత్తం "రైఫిళ్ళు" పేల్చింది. బాబూ, అవి మస్కెట్లు. గొట్టం లోపల రైఫిల్‌లా మెలి గాడులుండవు, నున్నగా ఉంటుంది, లోపలి వెడల్పు 17.5 మిల్లీమీటర్లు, గుండు దానికంటే మిల్లీమీటరుకు పైనే చిన్నది. అందుకే తొందరగా జారుతుంది, అందుకే గురి ఉండదు. మందూ గుండూ చుట్టిన కాగితం తూటా పళ్ళతో చింపి, చిటికెడు మందు బయట గిన్నెలో పోసి మూత వేసి, మిగతాది గొట్టంలో పోసి, గుండూ కాగితం కడ్డీతో దట్టించి, కడ్డీ తీసి పేల్చాలి. నిమిషానికి రెండు, మహా అయితే మూడు. కొన్ని పదుల సార్లు పేల్చాక చెకుముకి రాయి అరిగిపోతుంది, మసి పట్టి గొట్టం ఇరుకవుతుంది, నిప్పు వెళ్ళే కన్నం మూసుకుపోతుంది. కంగారులో కడ్డీ తియ్యకుండా పేల్చేసినవాడి తుపాకి ఆ పూటకి కర్రే. వంద గజాల లోపుకి వచ్చేదాకా ఆగి, అందరూ కలిసి పేల్చడం ఎందుకో ఇదంతా తెలిస్తేనే అర్థమవుతుంది. రైఫిలని రాసేస్తే "పిచ్చివాళ్ళలా వరసగా నిలబడ్డారెందుకు?" అని పాఠకుడు నవ్వుకుంటాడు.

చివరికి ఆ పాత పాటే. "రష్యా చలి ఓడించింది." సరిహద్దులోని నీమన్ నది దాటడం మొదలైంది జూన్ 24న. ఈ సైన్యం ఎలా కరిగిపోయిందో చూపిస్తూ ఫ్రెంచి ఇంజనీరు మినార్ 1869లో వేసిన పటం ప్రకారం దాటినవాళ్ళు 4,22,000, మాస్కో చేరినవాళ్ళు 1,00,000. అప్పటికింకా సెప్టెంబరే! మంచెక్కడిదండీ? దారిలో కాపలాకి వదిలినవాళ్ళని, యుద్ధాల్లో పోయినవాళ్ళని తీసేసినా, మిగతాది ఎండ, బురదలో దిగబడ్డ బళ్ళు, పచ్చి పైరు మేసి కడుపుబ్బి చచ్చిన గుర్రాలు, విరేచనాలు, టైఫస్ చేసిన పని. చలి వచ్చాక గుర్రాలకి మంచు మీద జారని నాడాలు కూడా లేవు. అది చలి తప్పా, సరఫరా తప్పా? పైగా ఆ పటంలోని మైనస్ 30ని సెల్సియస్ అనుకుని దించేశారు. అది రేయోమూర్ అనే పాత ఉష్ణోగ్రత కొలత నాయనా, మన లెక్కలో మైనస్ 37.5.

అసలు ఈ యూరప్ యుద్ధాల పుస్తకాల మీద నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. ఏడేళ్ళ యుద్ధం మీద లావుపాటి పుస్తకాలు తీయండి. యూరప్‌లో జరిగిన రోస్‌బాహ్ యుద్ధానికి అధ్యాయం, లాయ్‌టెన్‌కి అధ్యాయం. అదే యుద్ధంలో 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో, క్లైవ్ కలకత్తా నుంచి పంపిన ఇంగ్లీషు సేనాని ఫోర్డ్, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ని చితక్కొట్టాడు. ఎత్తుగా పెరిగిన పైరు చాటున ఫోర్డ్ తెల్ల దండు ఉండిపోతే, ఎర్రకోట్ల సిపాయిలనే ఇంగ్లీషువాళ్ళనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. విజయనగరం ఆనందగజపతి రాజు ఇస్తానన్న డబ్బు ఇవ్వక ఫోర్డ్‌ని వారాల తరబడి కూర్చోబెట్టడం ఇంకో కామెడీ. 1759 ఏప్రిల్లో ఫోర్డ్ రాత్రికి రాత్రి మచిలీపట్నం కోట మీద పడి, తనకంటే పెద్ద ఫ్రెంచి దండుని లొంగదీశాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళ పని అక్కడితో సరి.

మీ దగ్గరున్న అలాంటి పుస్తకాల ఇండెక్సులో చందుర్తి ఎక్కడైనా దొరికితే పేజీ నంబరు కామెంట్లో పెట్టండి. కొండోర్ అని కూడా వెతకండి, ఇంగ్లీషువాళ్ళు అలా రాస్తారు. చందుర్తి "మచిలీపట్నం పక్కనే" అని కనబడితే మాత్రం పెట్టకండి, ఇవాళ్టికి చాలు.