తరుగు లేదు, మజూరీ లేదు, దారమే కదా!

వస్తువు ధర ఎంత ఉండాలో తేల్చడానికి మన తిరుపతిలో ఒక శాస్త్రం ఉంది. దానికి పుస్తకం లేదు, గురువు లేడు, సూత్రం మాత్రం ఒక్కటే. వస్తువును రెండు వేళ్లతో పైకెత్తాలి. వెనక్కి తిప్పాలి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి ముక్కు దాకా తెచ్చుకోవాలి. ఆపైన పెదవి విరిచి "దారమే కదా!" అనాలి. ధర సగానికి పడుతుంది. ఇంకోసారి అంటే పావుకు. చిన్న కొక్కెంతో దారాన్ని ఉచ్చులుగా లాగి చేత్తో అల్లే క్రోషే బుట్టకమ్మలు, క్లిప్పులు, సంచులు పెట్టుకుని కూర్చున్న ఏ స్టాలు దగ్గర నిలబడినా గంటకు పదిమంది శాస్త్రజ్ఞులు కనబడతారు. ప్రయోగం ఎవరు చేసినా ఫలితం ఒకటే కాబట్టి దీన్ని సైన్సనే అనాలి.

అయితే ఈ సూత్రానికి ఒక హద్దుంది. బంగారు అంగడి గడప దగ్గర అది ఆగిపోతుంది. స్టాలు దగ్గర పెదవి విరిచిన ఆ అమ్మగారే అక్కడ ఏసీలో కూర్చుని, వాళ్లిచ్చిన కూల్‌డ్రింకు తాగుతూ, "తరుగు పన్నెండు శాతం, మజూరీ వేరే, పైన జీఎస్టీ" అని కుర్రాడు చదువుతుంటే పురాణం వింటున్నట్టు తలాడిస్తారు. తరుగంటే పని చేసేటప్పుడు రాలిపోయిన బంగారమట. రాలింది ఎక్కడికి పోయిందో ఆమె అడగదు. మెషీన్ మీద గజాల లెక్కన దిగిన గొలుసుకు తరుగెక్కడిదని అడగదు. "బంగారమే కదా!" అన్నవాళ్లు ఈ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు.

సరే, లోహానికి ఒక న్యాయం, నూలుకు ఒక న్యాయం. శాస్త్రాన్ని గౌరవిద్దాం. ఆ బుట్టకమ్మలో దారమెంతో తూకం వేసే చూద్దాం.

20 నంబరు నూలు దారం, 1.25 మిల్లీమీటర్ల స్టీలు హుక్కు. లాగితే బిగుసుకునే దారపు ఉచ్చును మ్యాజిక్ రింగంటారు, పొట్టి కుట్టును సింగిల్ క్రోషే అంటారు. ఆ రింగులో 6 సింగిల్ క్రోషేలు వేస్తే పని మొదలైనట్టు. తర్వాత వరుసకు 6 చొప్పున పెంచుకుంటూ పోవాలి: 12, 18, 24, 30, 36. సింగిల్ క్రోషేకు ఈ ఆరు ఎక్కం తప్పకూడదు. ఎక్కువ పెంచితే అంచు నూనెలో పడ్డ అప్పడంలా మెలికలు తిరుగుతుంది, తక్కువ పెంచితే వేళకు ముందే గిన్నె అయి కూర్చుంటుంది. 36 దగ్గర పెంచడం మానేసి అదే లెక్కన ఇంకో ఆరు వరుసలు అల్లితే బుట్ట దిగుతుంది. ఒక బుట్టకు 342 కుట్లు, జతకు 684. ఇన్ని కుట్లకూ కలిపి పట్టే దారం గ్రాము, అటూ ఇటూ. బంగారంలో గ్రాముకున్న విలువ, దారంలో గ్రాముకున్న విలువ పక్కపక్కన పెడితే అమ్మగారిదే రైటని ఒప్పుకోవాలి. దారమే! రెండు మూడు రూపాయల దారం!

ఇక పూసలు. ఆఖరి వరుసలో కుట్టు విడిచి కుట్టుకు ఒక్కోటి, మొత్తం 18. ఇవి తర్వాత తీరిగ్గా గుచ్చుకునేవి కావు. అల్లిక మొదలుపెట్టక ముందే సన్న సూదితో దారానికి ఎక్కించి ఉండలోపలికి జరుపుకుంటూ రావాలి. లెక్క తప్పి 17 ఎక్కించినట్టు ఆఖరి వరుసలో తెలిసిందనుకోండి, విప్పుకోవచ్చు, ఏడవచ్చు, రెండూ చెయ్యవచ్చు. పైగా సింగిల్ క్రోషేలో పూస మనకు కనబడే వైపు నిలవదు, వెనకవైపు పడుతుంది. అందుకే బుట్టను లోపలిది బయటికి తిప్పి పూసల వరుస అల్లుతారు. ఈ సంగతి తెలియక మొదటిసారి అల్లినవాళ్ల బుట్టలో పూసలన్నీ లోపలే ఉంటాయి, గుప్తదానం మాదిరి.

జతలో రెండోది ఇంకో పరీక్ష. మొదటి బుట్ట పొద్దున నెమ్మదిగా, రెండోది రాత్రి సీరియల్ చూస్తూ అల్లితే దారం బిగువు మారుతుంది. కుట్లు అవే 342 అయినా ఒకటి అక్కలా, ఒకటి చెల్లెలిలా తయారవుతాయి. ఒడుపు తెలిసినవాళ్లు రెండు ఉండలు పెట్టుకుని, దీనిదొక వరుస, దానిదొక వరుస అల్లుకుంటూ వస్తారు.

అల్లిక అయ్యాక మెత్తటి బుట్ట చెవికి వేలాడితే తడిసిన టోపీలా ఉంటుంది. గట్టిపరచాలి. పాతకాలంలో గంజి పెట్టేవాళ్లు, చక్కెర పాకం పెట్టేవాళ్లు. పాకం బాగానే బిగుస్తుంది, కానీ రాత్రికి రాత్రి చీమలు వరుస కట్టి దర్శనానికి వస్తాయి. ఇప్పుడు తెల్ల జిగురు, నీళ్లు సమపాళ్లలో కలిపి కుంచెతో పూస్తున్నారు. ఎక్కువైనది గుడ్డతో అద్ది తీయకపోతే కుట్ల సందుల్లో తెల్లగా గడ్డకడుతుంది. పూశాక లోపల అచ్చు పెట్టి రాత్రంతా ఆరబెట్టాలి. అచ్చంటే ఏ దేశం నుంచో తెప్పించే సామాను కాదు, పిల్లలాడే గాజు గోలీ. పాలిథిన్ కాగితం చుట్టి పెడితే ఈ బుట్టకు సరిగ్గా సరిపోతుంది. కాగితం చుట్టడం మరిచారా, పొద్దుటికి గోలీ, బుట్ట ఒక్కటైపోయి ఉంటాయి.

తర్వాత చిన్న రింగు. దాన్ని పక్కకు మెలితిప్పి తెరవాలి, ఇటూ అటూ లాగితే గుండ్రం పోయి మళ్లీ మూసుకోదు, ఆ సందులోంచి దారం జారిపోతుంది. ఒక్క పోగుకు తగిలిస్తే నాలుగు రోజుల్లో కోసేస్తుంది, కనీసం రెండు పోగులు పట్టాలి. చెవికొక్కెం నికెల్ పూతదైతే కొందరికి చెవి పుండవుతుంది, స్టీలుదే వెయ్యాలి. దారం కొసలు బెత్తెడు వదిలి, ఒకవైపు దూర్చి, వెనక్కి మళ్లించి, మళ్లీ దూర్చి అప్పుడు కత్తిరించాలి. దగ్గరికి కోసి వదిలేస్తే మొదటి వాడకానికే మ్యాజిక్ రింగులోని మ్యాజిక్ బయటపడుతుంది.

చెయ్యి తిరిగినవాళ్లకు ఇదంతా రెండున్నర గంటల పని, ఆరబెట్టిన రాత్రి కాక. పూసలు, కొక్కేలు, జిగురు, అట్టముక్క అన్నీ కలిపి 40 రూపాయలనుకుందాం. జత 250కి అమ్మితే చేతికి మిగిలేది గంటకు 84. శాస్త్రజ్ఞుల రేటు ప్రకారం 100కి ఇచ్చేస్తే గంటకు 24. ఎనిమిది గంటలు తల ఎత్తకుండా అల్లితే 192 రూపాయలు. ఆ డబ్బుకు ఒక రోజు ఇటుకలు మోయడానికి ఎవరినైనా రమ్మని అడిగి చూడండి. జవాబు ఇక్కడ రాయడానికి పనికిరాదు.

ఈ లెక్కలు స్టాలు దగ్గర ఎవరికీ అక్కర్లేదు. అక్కడ నడిచేది వేరు.

"ఏంమా పాపా, ఈ బుట్టలెంత?"

"రెండొందల యాభై అక్కా."

"రెండొందల యాభయ్యా! దారమే కదమ్మా!"

"చేత్తో అల్లింది అక్కా."

"చేత్తో కాక కాలితో అల్లుతారా ఏంది? వందకిస్తావా?"

ఈలోగా పక్కనున్న అమ్మగారి చెల్లెలు ఫోన్ తీసి బుట్టకు ఫొటో కొడుతుంది. ముందు నుంచి ఒకటి, లోపల నుంచి ఒకటి, కుట్లు లెక్కబెట్టుకునేలా దగ్గర్నుంచి ఒకటి. "కొనడానికి కాదులే, మా ఆడబిడ్డకు పంపిద్దామని. ఆమె యూట్యూబ్ చూసి ఇట్లాంటివి పది నిమిషాల్లో చేసేస్తుంది." ఆ ఆడబిడ్డకు మన ఆశీస్సులు. ఆమె చూసే వీడియో అమెరికావాళ్లదైతే సింగిల్ క్రోషే అన్నది బ్రిటన్‌వాళ్ల లెక్కలో డబుల్ క్రోషే అవుతుంది. ఆమె ఆ తేడా పట్టించుకోకుండా అల్లితే బుట్టకు బదులు కొబ్బరిచిప్ప మీద మూతలాంటిది వస్తుంది. అది కూడా పది నిమిషాల్లో రాదు.

అమ్మగారి భర్త వెనకాల సంచులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆయన ఇంతసేపూ మాట్లాడరు, మాట్లాడితే పరిశ్రమల శాఖలా మాట్లాడతారు. "నగరిలో అన్ని పవర్‌లూమ్‌లున్నాయి కదా, మగ్గం మీద వేయించేయొచ్చు కదా పాపా. రోజుకు వెయ్యి దిగుతాయి." మగ్గానికి పడుగు, పేక ఉంటాయనీ, ఇక్కడున్నది ఒక్క పోగు, ఒక్క కొక్కెం, కొక్కెం మీద ఒకే ఒక్క ఉచ్చు అనీ ఆ పిల్ల చెప్పబోతుంది. ఆయన అప్పటికే పక్క స్టాలులో పచ్చళ్ల వైపు చూస్తుంటారు.

అమ్మగారి చెయ్యి ఇప్పుడు అల్లిన మల్లెదండ మీద పడింది. "మూరెంత?" పూలు కొనే అలవాటు. "మూరల్లెక్క కాదక్కా, ఒకటి మూడొందలు." "వాడిపోదు కదా?" "వాడిపోదు." "వాసనొస్తుందా?" "రాదక్కా." "వాసన కూడా రాకపోతే మూడొందలెందుకు?" దీనికి జవాబు ఏ శాస్త్రంలోనూ లేదు. ఆ తర్వాత అసలు ధర్మసందేహం వచ్చింది. కొండ మీద పూలన్నీ స్వామివే, ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరాదు. మరి నూలు పూలు పెట్టుకోవచ్చా? చుట్టూ నలుగురు చేరారు. పూలు కావు కాబట్టి తప్పులేదని ఒకరు. పూలలా ఉన్నాయి కాబట్టి తప్పేనని ఒకరు. స్వామికి ఇవి పనికిరావు కాబట్టి మనం పెట్టుకోవచ్చని ఇంకొకరు. పావుగంట వాదన జరిగింది. దండ మాత్రం ఎవరూ కొనలేదు.

చేతిసంచి గురించి ఎక్కువ చెప్పను. క్రోషే పట్టీ బరువుకు సాగుతుంది, లోపల నాడా కుట్టకపోతే భుజాన వేసుకున్న సంచి వారానికి మోకాలికి చేరుతుంది. అస్తరు లేకపోతే సందుల్లోంచి చిల్లర రాలుతుంది. ఇవి చెప్పే అమ్ముతారు. కొన్నవాళ్లు విని, తలూపి, ఇంటికెళ్లి అందులో నాలుగు తిరుపతి లడ్డూలు పెట్టుకుంటారు. నెయ్యి మరక పట్టాక "నూలు క్వాలిటీ బాగలేదు" అంటారు.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. ఆ తర్వాత అమ్మగారు అన్న మాట దగ్గర నవ్వు ఆగిపోతుంది. "షాపింగ్ మాల్లో క్రోషే టాపే నాలుగొందలకు ఇస్తున్నారు. వాళ్లకెట్లా గిట్టుతోంది?"

మంచి ప్రశ్న. జవాబు వినండి. ఆ మాల్లో ఉన్నది చాలాసార్లు క్రోషే కాదు, క్రోషేలా కనబడేట్టు మెషీన్ మీద తీసిన జాలీ గుడ్డ. వెనక్కి తిప్పితే సన్నటి నిలువు గొలుసులు బారుగా దిగి ఉంటాయి. అసలు క్రోషేను అచ్చంగా అల్లి కుప్పలు పోసే మెషీన్ బజార్లో లేదు. ప్రతి కుట్టునూ ముగించి, కొక్కెం ఎక్కడ దూరాలో చూసి, తర్వాతి కుట్టు వెయ్యాలి. ఆ చూపు చేతికే ఉంది. అంటే నాలుగొందల టాపు నిజంగా క్రోషేదే అయితే, అది ఒక మనిషి చేత్తోనే అల్లింది. అంగడి అద్దె, లారీ కిరాయి, దళారి వాటా, ఏసీ బిల్లు అన్నీ ఆ నాలుగొందల్లోంచే పోయాయి. ఇక ఆ చేతికి ఏం మిగిలి ఉంటుంది? గిట్టింది అంగడికి. గిట్టనిది ఎవరికో అడగరేం?

ఇదేం కొత్త కాదు. 1845 తర్వాత ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి జనం ఆకలితో చస్తుంటే ఆడవాళ్లు బతకడానికి పట్టుకున్న పని ఈ క్రోషే లేసే. మన గోదావరి వైపు నరసాపురానికి 19వ శతాబ్దంలో మిషనరీల వెంట వచ్చింది. అక్కడ తరాల తరబడి ఇళ్లలో కూర్చుని అల్లారు, అల్లిన లేసు ఓడలెక్కి దేశాలు తిరిగింది, అల్లినామె మాత్రం "ఇంట్లో ఊరికే ఉంటుంది" అనిపించుకుంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు జీఐ, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుందనే గుర్తింపు, వచ్చింది, సంతోషం. పేరుకు రక్షణ దొరికింది. కూలికి?

"ఖాళీగా ఉన్నప్పుడేగా చేస్తావు" అంటారు. ఏ ఖాళీ? వంటకూ అంట్లకూ మధ్య ఖాళీయా? పిల్లలు పడుకున్నాక, నల్ల దారం మీద కుట్టు కనబడక, ఫోన్ లైటు వేసుకుని కళ్లు చిట్లించుకునే ఖాళీయా? మెడ పట్టేసి, బొటనవేలి మొదలు గుంజి, పొద్దున చీపురు పట్టుకోలేని ఖాళీయా? డాక్టరు ఖాళీగా ఉన్నప్పుడు నాడి చూస్తే ఫీజు తగ్గిస్తాడా? ఆడమనిషి గంటకు మాత్రం వెల లేదు, ఎందుకంటే అది ఇంట్లోంచి వచ్చిన గంట. సిగ్గులేని లెక్క ఇది, శాస్త్రం కాదు.

స్టాలు దగ్గరికి వద్దాం. అమ్మగారు మూడడుగులు వెళ్లి, అందరూ వెళ్లినట్టే వెళ్లి, వెనక్కి తిరిగారు. నూట ఇరవై అన్నారు. పొద్దుటి నుంచి బోణీ కాని పిల్ల నూట యాభైకి ఒప్పుకుంది. "కవరు ఫ్రీయే కదా?" ఫ్రీయే. "నీళ్లు తగలనివ్వొద్దక్కా, జిగురు మెత్తబడుతుంది." "సర్లేమా."

మూడో రోజు అమ్మగారు మళ్లీ వచ్చారు. కపిలతీర్థంలో జలపాతం కింద తల పెట్టి వచ్చారట, చెవులకు బుట్టలతోనే. రెండూ నలిగిన కాగితం పూలలా వేలాడుతున్నాయి.

"ఇదేంది పాపా ఇట్లయిపోయింది? గ్యారంటీ లేదా?"

పిల్ల బుట్టలు తీసుకుని, నీళ్లు పిండి, గోలీల డబ్బా ముందుకు లాక్కుని, తలెత్తకుండానే చెప్పింది.

"దారమే కదక్కా."