అలకపాన్పు దిగని తీగ గారికి

మహారాజశ్రీ డిస్‌ప్లే కేబుల్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. అలా రాయడం మర్యాద కాబట్టి రాశాను. నిజానికి ఇక్కడ కుశలం లేదు. అక్కడ తమరు కుశలంగా లేకపోవడమే అందుకు కారణం.

తమరు నన్ను ఎరుగరు. మొన్నమొన్నటి దాకా నేనూ తమరిని ఎరుగను. నాలుగేళ్లుగా ఒకే బల్ల దగ్గర కాపురం మాత్రం చేస్తున్నాం. తమరు లాప్‌టాప్ మూత మడతలో, నేను దాని ముందు కుర్చీలో. చిన్న చిన్న దుకాణాలకు లెక్కలు రాసి, పన్ను రిటర్నులు దాఖలు చేసి బతికేవాడిని. నెలలో నాకు పండుగా గండమూ ఒకటే రోజు: 20వ తేదీ, జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ పన్ను రిటర్నుకు ఆఖరి గడువు. తమరు అలగడానికి ఎంచుకున్నదీ ఆ రోజే. ఫోనుకు ఓటీపీ వచ్చింది. ఆరంకెలూ పైకి చదువుకున్నాను. హమ్మయ్య అనుకుని వెనక్కి వాలి, తెరను కూడా నాతోపాటు కాస్త వాల్చాను. చీకటి.

ముందుకు వంచితే వెలుగు. వెనక్కి వాల్చితే చీకటి. మా అమ్మాయి తన జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తెచ్చి కొలిచింది. 70 డిగ్రీల దాకా తమరు ప్రసన్నులు. 75 దగ్గర రెప్పలాడిస్తారు. 80 దాటితే అలకపాన్పు ఎక్కేస్తారు. పెళ్లిలో అల్లుడుగారు అలిగితే ఉంగరమో స్కూటరో ఇస్తామని బతిమాలి దించుతారు. తమరికి ఏం కావాలో అడుగుదామంటే, అలిగింది తమరేనని మాకు తెలిస్తే కదా!

కాబట్టి మేమే ఒదిగాం. మూడు వారాలపాటు తెర 70 డిగ్రీలు దాటకుండా, నేను కుర్చీలో కిందికి జారి, గడ్డం గుండెకు ఆనించి పని చేశాను. "ఏమండీ, కీబోర్డుకు దణ్ణం పెడుతున్నారా?" అని మా ఆవిడ అడిగింది. లాప్‌టాప్ ముందంచు కింద రెండు పాత డేబుక్కులు పెట్టాను. తెర నాకేసి తిరిగింది కానీ కీబోర్డు కొండెక్కింది. తెర కింది మూలన దండెం మీది బట్టల క్లిప్పు బిగిస్తే మరో మూడు డిగ్రీలు కలిసొచ్చాయి. అదేదో ఘనకార్యం సాధించినట్టు పక్కింటాయనకు చూపించాను కూడా. మా ఇంట్లో వీధి తలుపు గడియ పడాలంటే తలుపును ఎత్తి తొయ్యాలి. వంటింటి ఫ్యాను మూడో నంబరు మీదే తిరుగుతుంది. స్నానాలగదిలో చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి. ఇవన్నీ తెలిసినవాళ్లే మా ఇంటి మనుషులు. ఆ జాబితాలో తమరిని కూడా చేర్చుకున్నాం.

ఈలోగా వైద్యుల రాక మొదలైంది. "వైరస్ అయి ఉంటుంది, ఫార్మాట్ చేయించండి" అన్నారు పక్కింటాయన. వంచితే పోయి నిలబెడితే వచ్చే వైరస్ ఎలాంటిదో ఆయన చెప్పలేదు. మా బావమరిది నా చేతికున్న అయస్కాంతపు కంకణాన్ని అనుమానించాడు. బీపీ తగ్గుతుందని తిరునాళ్లలో అంటగడితే కొన్న వస్తువది. బీపీ సంగతి ఎలా ఉన్నా, బావమరిది మాటలో సగం నిజముంది. చాలా లాప్‌టాప్‌ల మూతలో చిన్న అయస్కాంతం, కింది భాగంలో దాన్ని పసిగట్టే సెన్సరు ఉంటాయి. ఆ రెండూ దగ్గరపడితే మూత మూశారనుకుని యంత్రం నిద్రపోతుంది. కంకణం ఉన్న చెయ్యి సరిగ్గా ఆ చోట ఆనితే మూత తెరిచి ఉన్నా అదే జరగవచ్చు. కంకణం తీసి అవతల పెట్టాను. అయినా చీకటే. పైగా ఆ చీకట్లో కూడా లోపలి ఫ్యాను తిరుగుతోంది, పాట ఆగకుండా వినిపిస్తోంది. అంటే యంత్రం మేలుకునే ఉంది, తెర ఒక్కటే కళ్లు మూసుకుంది.

అసలు పరీక్ష మా అమ్మాయి చేసింది. గదిలో దీపం ఆర్పి, చీకటిపడ్డ తెర మీదికి ఫోను టార్చి ఏటవాలుగా వేసి, "నాన్నా, నీ రిటర్ను ఇక్కడే ఉంది, చూడు" అంది. వంగి చూస్తే నిజంగానే ఉంది, పాతకాలపు కార్బన్ కాగితం మీద ఆఖరి నకలులాగా. బొమ్మ వస్తోంది, దాని వెనకాల వెలగాల్సిన దీపమే వెలగడం లేదు. తరువాత హెచ్‌డీఎంఐ తీగతో హాల్లో టీవీకి కలిపింది. 43 అంగుళాల మేర నా క్లయింటు లెక్కలు ధగధగలాడాయి. సరిగ్గా అప్పుడే మా బాబాయి వచ్చి సోఫాలో కూర్చుని, "శనగపిండి అమ్మేవాడికి ఇంత టర్నోవరా!" అన్నారు. వృత్తి రహస్యం పోయింది కానీ మదర్‌బోర్డు నిర్దోషి అని తేలింది.

ఇంత సాక్ష్యం మూటగట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటరు దగ్గర అమ్మాయి మూత ఒకసారి తెరిచి, ఒకసారి మూసి, కంప్యూటర్లోకి చూసి, "డిస్‌ప్లే అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్, 17,800" అంది. టార్చి సంగతి చెప్పాను. మర్యాదగా విన్నది. 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు కోసం ప్రత్యేకంగా పోర్టల్ ప్రారంభించిన సంగతి కూడా చెప్పాను. అదీ మర్యాదగానే విన్నది. "తెర బాగానే ఉందమ్మా, తీగ ఏదైనా వదులైందేమో చూడండి" అన్నాను. ఆ పిల్ల స్క్రీనును నా వైపు తిప్పి చూపించింది. ఆ జాబితాలో కీబోర్డు ఉంది, బ్యాటరీ ఉంది, డిస్‌ప్లే అసెంబ్లీ ఉంది. తమరు లేరు. "విడిగా కేబుల్ మా సిస్టంలో లేదు సార్. లేనిదాన్ని ఎలా మార్చగలం?"

అక్కడే నాకు తమరి మీద మొదటిసారి గౌరవం కలిగింది. 17,800 రూపాయల బిల్లు వేయించగలిగి కూడా ఊరూ పేరూ లేకుండా బతకడం అందరికీ చేతనయ్యే పని కాదు. నేను లెక్కలు రాసేవాడిని, ఇలాంటివారిని కొందరిని ఎరుగుదును.

బయటికి వస్తుంటే ఇంకొక దుకాణంలో, "మదర్‌బోర్డు పోయింది, ఎక్స్ఛేంజికి 6,000 ఇస్తాం" అన్నారు. దానికి జవాబు చెప్పకుండా సికింద్రాబాద్ పార్క్ లేన్‌కు బస్సెక్కాను. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్ ఎలాగో కంప్యూటర్లకు మాకు పార్క్ లేన్ అలాగ. ఒక మెట్ల కింద, రెండు గజాల చోటులో, స్టూలు మీద ఒక కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. ఏమీ అడగలేదు. మూతను రెండుసార్లు నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఆడించి, కీలు దగ్గర చెవి పెట్టి విన్నాడు. "బొమ్మ ఉంది సార్. దారి తెగింది" అన్నాడు.

మొదట ఛార్జరు తీసి, అడుగు మూత విప్పి, బ్యాటరీ ప్లగ్గు పీకాడు. అది పీకకుండా తమరిని కదిలిస్తే తెర దీపానికి కరెంటు పంపే చిన్న ఫ్యూజు మాడిపోవచ్చునట. అప్పుడు కొత్త తీగ వేసినా వెలగదు, మదర్‌బోర్డే పోయిందని మరొకరు తేలుస్తారు. గిటారు వాయించే ప్లాస్టిక్ బిళ్ల తీశాడు. ఆ చేయి ఎన్నడూ గిటారు ముట్టి ఉండదు. దానితో తెర చుట్టూ ఉన్న చట్రాన్ని టక్కుటక్కున ఊడదీసి, మరలు తీసి, తెరను కీబోర్డు మీద బోర్లా పడుకోబెట్టాడు. దాని వీపు మీద, పారదర్శకమైన టేపు కింద, నల్లని నాజూకు తీగ. దర్శనమైంది.

అంత చిన్నవారా తమరు! మదర్‌బోర్డు దగ్గర బయలుదేరి, కీలు సందులోంచి దూరి, తెర వెనకకు చేరేది తమరు. లోపల తల వెంట్రుకకు అటూ ఇటూగా ఉండే పోగులు. బొమ్మనూ తమరే మోయాలి, దీపానికి కరెంటునూ తమరే మోయాలి. రోజుకు పదిసార్లు మూత తీసి మూశాననుకుంటే నాలుగేళ్లకు 14,600 సార్లు తమరి నడుం వంచాను. ఇనుప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచితే తెగుతుందని బడిపిల్లలకు కూడా తెలుసు.

ఒంటి మీద చిన్న స్టిక్కరు, దాని మీద తమరి పార్టు నంబరు. సర్వీస్ సెంటర్ జాబితాలో దొరకని పేరు అక్కడ దొరికింది. పేరు దొరికాక కూడా తమరి జోడు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. మొదట వచ్చింది 40 పిన్నులది, టచ్ తెరకు పనికొచ్చేది. మాది 30. దాన్ని తిప్పి పంపాం.

తమరి వంశ చరిత్ర కూడా కొంత తెలుసుకున్నాను. 1982లో గ్రిడ్ కంపాస్ అనే యంత్రం బజారులోకి వచ్చింది. మూత తెరిస్తే తెర, మూస్తే పెట్టె. రూపకల్పన బ్రిటిష్ డిజైనర్ బిల్ మోగ్రిడ్జ్‌ది. 8,150 డాలర్ల ధర పలికింది, నాసా వాళ్లు స్పేస్ షటిల్‌లో కూడా తీసుకువెళ్లారు. ఆ మూతతోనే తమ వంశానికి మడతలో కాపురం రాసిపెట్టారు. తెరకు బొమ్మను చేరవేసే పద్ధతిని బట్టి చాలాకాలం తమ ఇంటిపేరు ఎల్‌వీడీఎస్, ఇప్పుడు ఈడీపీ. ఇంటిపేరు మారినా తమరి స్వభావం మారలేదు. అమెరికాలో తమ దాయాదులు మరీ పేరుపడ్డారు. 2016 నాటి సన్నని మ్యాక్‌బుక్ ప్రోలలో మూత తీసినప్పుడల్లా పట్టీలాంటి తీగ ఒరుసుకుని, మొదట తెర అడుగున నాటకాల రంగస్థలం మీది దీపాల్లా చారలు పడేవి. ఆ తరువాత ఒక కోణం దాటితే చీకటే. 2018 నమూనాను విప్పి చూసిన ఐఫిక్సిట్ అనే మరమ్మతుల వెబ్‌సైటు వాళ్లు తీగ 2 మిల్లీమీటర్లు పొడుగైందని కనిపెట్టారు. 2019 మే నెలలో ఆపిల్ ఆ 13 అంగుళాల 2016 యంత్రాలకు ఉచిత మరమ్మతు ప్రకటించింది. రెండు మిల్లీమీటర్లు! మా దర్జీ చొక్కా కుడితే దానికి పదింతలు ఖాళీ వదులుతాడు.

ఇప్పుడొక క్షమాపణ. కుర్రవాడు తమరిని మార్చి ఊరుకోలేదు. కీలును వేలితో కదిపి, "తీగది తప్పు కాదు సార్, ఇది చూడండి" అన్నాడు. కీలు బిగుసుకుపోయింది. మూత తీసినప్పుడల్లా అది ప్లాస్టిక్‌లో పాతిన ఇత్తడి నట్టును పెకలిస్తూ వచ్చింది. నట్టు ఊడి, కీలు పక్కకు జరిగి, మధ్యలో తమరు నలిగారు. అడకత్తెరలో పోకచెక్కను పట్టుకుని అలిగిందని నిందించాను. అతను కీలు వదులు చేసి, నట్టును ఎపాక్సీ జిగురుతో అతికి, ఆ రాత్రికి అలాగే ఉంచమన్నాడు. తీగ 850, కూలి 600. రసీదు అడిగితే నవ్వాడు. అలవాటుకొద్దీ అడిగాను.

ఈ లేఖ రాస్తుంటే తమరు నా ఎదుటే ఉన్నారు. పైతొడుగును మా అమ్మాయి బ్లేడుతో చీల్చి చూసింది. కీలు ఆనిన చోట మూడు పోగులు తెగాయి, మిగతావన్నీ నిగనిగలాడుతున్నాయి. తమరి వారసుడు మడతలో చేరి నెల దాటింది. తెర 120 డిగ్రీల దాకా వెలుగుతోంది. నేను మాత్రం ఇంకా 70 దగ్గరే కూర్చుంటున్నాను. నిటారుగా కూర్చోబోతే మెడ వినడం లేదు.

ఇట్లు
తమరి నాలుగేళ్ల ఎదుటి కాపురస్థుడు

తా.క.: నిన్న డాక్టరుగారు నా తలను ముందుకూ వెనక్కూ ఆడించి, చెవి దగ్గర పెట్టి విని, కీళ్లు బిగుసుకున్నాయన్నారు. ఫిజియోథెరపీ పది సిట్టింగులు, మొత్తం 4,000. తమరి ఖరీదుకు నాలుగింతలు దాటింది. విడిభాగాలు దొరుకుతాయా అని అడగలేదు.